మూడో సీసా

పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరిచి పడుకున్నవాడికి ప్రశ్నలు వేసే వీలుండదు. డిపార్ట్‌మెంట్ చీఫ్ తన బ్రీఫింగులన్నీ అక్కడే పెట్టుకోవడానికి కారణం అదే.

ఏజెంటు నిదానం నోట్లో దూది, నాలిక మీద అద్దం. మూతికి తెల్లగుడ్డ కట్టుకున్న చీఫ్ పైనుంచి వంగి, కుడి దవడలో లేని పుచ్చుకోసం వెతుకుతున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో ఆయన్ని అందరూ మేనమామ అంటారు. ఆయన ఏజెంట్లందర్నీ అల్లుడూ అంటాడు. పిల్లనిచ్చే ఉద్దేశం మాత్రం ఎన్నడూ లేదు. ఇచ్చేవన్నీ ప్రాణం మీదికొచ్చే పనులే.

"మొన్న లారీ గుద్ది ఒకాయన పోయాడు. విన్నావా అల్లుడూ?"

నిదానం "ఆఁ" అన్నాడు. ఆ భంగిమలో ఎవరైనా అనగలిగింది అంతే.

పోయినాయన పురుగుమందుల ఇన్‌స్పెక్టరు. దేశంలోని ధాన్యం గోదాములన్నిటికీ ఒకే విదేశీ కంపెనీ నుంచి పొగమందు దిగింది. దాన్ని మెషీన్‌లో వేడిచేసి పొగలా వదిలితే బస్తాల్లోని ముక్కుపురుగు చస్తుంది. డ్రమ్ములు పెద్ద గోదాములో దిగాక ఇన్‌స్పెక్టరు అక్కడికి వెళ్ళి నమూనా తీశాడు. దాన్ని మూడు సీసాల్లో పోసి, దారం చుట్టి, లక్క కరిగించి, తన ముద్ర కొట్టాడు. ఒకటి ల్యాబ్‌కి వెళ్ళింది. ఇంకొకటి హెడ్డాఫీసు స్ట్రాంగ్ రూముకి వెళ్ళింది. ల్యాబ్ పరీక్షించి, మందు భేషుగ్గా ఉందని రిపోర్టిచ్చింది. ఆ తర్వాత ఏదో పని మీద ల్యాబ్‌కి వెళ్ళిన ఇన్‌స్పెక్టరు కంటికి ఆ సీసా మెడ కనపడింది. దారం ముడి తనది కాదు. స్ట్రాంగ్ రూముకి పరిగెత్తాడు. అక్కడి ముడి కూడా తనది కాదు. మేనమామకి ఫోన్ చేసి, రెండు సీసాలూ మార్చేశారు, మూడోది మాత్రం భద్రంగా ఉంది, వచ్చి చెప్తాను అన్నాడు. బయల్దేరాడు. లారీ ఎదురొచ్చింది.

"మూడోది కంపెనీ వాళ్ళకిస్తారట. అడిగితే పగిలిపోయిందన్నారు. మరి ఈయన భద్రంగా ఉందని ఎందుకన్నట్టు?" మేనమామ అద్దం తిప్పాడు. "డ్రమ్ముల్లో ద్రావకం మార్చారని నా అనుమానం. దాన్ని వేడి మెషీన్‌లో పోస్తే వచ్చేది పొగ కాదు, మంట. దేశం తినాల్సిన తిండి ఒక్కపూటలో బుగ్గి. మర్నాటి నించి సముద్రం అవతలి ముఠా దాని గింజలు దానికి నచ్చిన ధరకి మనకే అమ్ముతుంది. అన్ని గోదాముల్లోనూ ఇవాళ పొద్దువాలగానే పొగ పెడుతున్నారు."

నిదానం లేవబోయాడు.

"కదలకు. చేతిలో డ్రిల్లుంది."

డ్రమ్ముల్లోంచి కొత్తగా నమూనా తీయడానికి లేదట. కాపలా కంపెనీ మనుషులదే, మెషీన్లలో పోసేదీ వాళ్ళే. మన చెయ్యి పడితే మనమే కల్తీ కలిపామని రాయబారి దాకా వెళ్తారు. చేతిలో మంచి రిపోర్టు ఉండగా పైవాళ్ళు పని ఆపరు. ఆగాలంటే పోయినాయన ముద్రతో ఉన్న మూడో సీసా వాళ్ళ కళ్ళముందు పెట్టాలి.

నిదానం లేవబోయింది దేశం తిండి గురించే అని మేనమామ అనుకున్నాడు. దేశం సంగతి ఆ తర్వాత. పెద్ద గోదాములో పొగ దళానికి నాయకురాలు, వీపున మెషీన్ తగిలించుకుని అందరికంటే ముందు లోపలికి అడుగుపెట్టే మనిషి సాక్షాత్తూ వాళ్ళావిడ.

ఇంట్లో ఏమీ చెప్పకూడదని డిపార్ట్‌మెంట్ రూలు. వాళ్ళావిడ లెక్కలో అతను తూనికల శాఖలో త్రాసులు సరిచేసే ఉద్యోగి. ఇవాళ సెలవు పెట్టమంటే ఎందుకంటుంది. ఎందుకో చెప్పలేకపోతే తప్పకుండా వెళ్తుంది. ఒకవేళ ఆగినా, ఆ మెషీన్ ఇంకో మనిషి వీపుకెక్కుతుంది.

మేనమామ రెండు వస్తువులిచ్చాడు. త్రాసులు సరిచూసే తూకపురాళ్ళ పెట్టె. అందులో పెద్ద రాయి కడుపులో రేడియో. ఇంకోటి పెన్ను, క్లిప్ నొక్కితే కొసన నిప్పు పుడుతుంది. "రాయడానికి మాత్రం పనికిరాదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ల్యాబ్‌లో నెమలి అని ఒకావిడుంది. కంపెనీ తరపున కాగితాలు తనిఖీ చేసే ఆడిటర్. మన మనిషే. వాళ్ళు కూడా ఆమె వాళ్ళ మనిషే అనుకుంటున్నారు." అద్దం కడుగుతూ, "ఎవరి అంచనా తప్పో ఆమెకే తెలియాలి" అన్నాడు.

లేని పుచ్చుకి నిజంగానే సిమెంటు వేసి పంపాడు.

బస్సులో నిదానం దవడ నిమురుకుంటూ రాత్రి భోజనాల వేళ గుర్తు చేసుకున్నాడు. వాళ్ళావిడ చాలాసేపు మాట్లాడింది. చాలామంది మగవాళ్ళకి భార్య మాటల్లో మొదటి ముక్కా చివరి ముక్కా అందుతాయి; మధ్యదంతా గాలికి పోతుంది. గూఢచారి కాబట్టి నిదానం ఈ విద్యలో మరీ ఆరితేరాడు. మాస్కు పట్టీ తెగిందనీ, కంపెనీ మనుషులు తాగిన టీ కప్పులు కడగరనీ, మేనేజరు మీటింగులో గురకపెట్టాడనీ, ఎవరో దాచమని ఇచ్చిపోయిన సామాను ఒకటి తన బీరువాలో బట్టలన్నిటికీ కంపు పట్టిస్తోందనీ, అడుగుదామంటే ఆ మనిషి మళ్ళీ కనపడలేదనీ, వచ్చేటప్పుడు ఉల్లిపాయలు తెమ్మనీ చెప్పింది. అతనికి మిగిలింది మాస్కూ ఉల్లిపాయలూ. మధ్యలో పద్ధతి ప్రకారం ఊఁ కొడుతూ వచ్చాడు.

ల్యాబ్ తలుపు తియ్యగానే తియ్యటి వాసన ఒకటి ముక్కు వెనక్కి వెళ్ళి అక్కడే కాపురం పెట్టింది. పొడుగాటి వరండా. ఒకవైపు వరుసగా గదులు. రెండోవైపు చివర బాత్‌రూములు, వాటి పక్కన గోడకి ఒక వాష్‌బేసిన్, బేసిన్‌కి ఎదురుగా ఆడిటర్ టేబులు. టేబులు వెనక కూర్చున్నావిడకి నెమలి అని పేరెందుకు పెట్టారో చెప్పక్కర్లేదు. నీలం, ఆకుపచ్చ కలిసిన సిల్కు స్కార్ఫ్, గోళ్ళకి రంగు, ఆ ల్యాబ్ కంపుని కూడా ఓడించే సెంటు.

నిదానం పక్కగదిలో త్రాసు ముందు కూర్చుని, ఆమె వచ్చి నిలబడ్డాక కోడ్ మాట వదిలాడు. "ఈ గదిలో గాలి ఎక్కువండీ. ముల్లు నిలబడట్లేదు."

"గాలి కాదు. అడుగుల చప్పుడు" అందామె. అదీ సరైన జవాబే. అయినా అతనికి నమ్మకం కుదరలేదు. సరైన జవాబులు ఎక్కువగా చెప్పేది దొంగలే.

ఆమె తన సంగతి క్లుప్తంగా చెప్పింది. "నేను కాగితాలే చూస్తాను. సీసాలు ముట్టుకోను. ముట్టుకునేవాళ్ళు ఇద్దరే. ఎవరో మీరే తేల్చుకోండి."

ఇద్దర్నీ అతను అప్పటికే చూశాడు. ఒకాయన కోడ్ రూము అధికారి. సీసా లోపలికి రాగానే కంపెనీ పేరున్న చీటీ పీకేసి నంబరు అంటిస్తాడు. పరీక్ష చేసేవాళ్ళకి అది ఎవరి మందో తెలియకూడదని. వేళ్ళనిండా లక్క మరకలుండటంతో అందరూ ఆయన్ని లక్కాయన అంటారు. కొత్తగా బదిలీ మీద వచ్చాడు. బెంచి దగ్గర ఇరవై ఏళ్ళు విషాలతో కుస్తీ పట్టానని అడక్కుండానే చెప్పాడు. రెండో మనిషి పొగమందును పరీక్ష చేసిన ఎనలిస్టు. ముక్కు మీద ఒక కళ్ళజోడు, మెడలో గొలుసుకి ఇంకొకటి. ఆమె కళ్ళజోడమ్మ.

నిదానం అనుమానం మొదట కళ్ళజోడమ్మ మీదికే పోయింది. ఆమె ఎవరైనా వస్తే సొరుగు మూసి తాళం వేస్తోంది. త్రాసు సరిచూసే వంకతో చేరాడు. ఆమె బెంచి మీద ఇత్తడి గిన్నె, దాంట్లోకి దిగిన థర్మామీటరు, పక్కన మినపగింజంత మంట. అదేమిటని అడిగాడు.

ఫ్లాష్ పాయింట్ టెస్టట. గిన్నెలో మందు పోసి మెల్లగా వేడెక్కిస్తూ, మధ్యమధ్య మూత తీసి మంట చూపిస్తారు. ఆవిరి ఏ వేడి దగ్గర భగ్గుమంటే అది దాని హద్దు. పొగమందుకి ఆ హద్దు చాలా పైన ఉండాలి, లేకపోతే మెషీన్ మోసేవాళ్ళు మనుషులుగా బయటికి రారు అని, ఏదో పాలు పొంగడం గురించి చెప్తున్నట్టు చెప్పింది. ఆ గోదాముల మందు సంగతో అంటే, అంత శుభ్రమైన మందు తన సర్వీసులో చూడలేదంది. మెచ్చుకోలుగా అనలేదు, కనుబొమ్మ ముడిచి అంది.

ఆమె లేచి వెళ్ళినప్పుడు హెయిర్ పిన్నుతో సొరుగు తెరిచాడు. వారపత్రిక సీరియల్ కటింగులు, వరుసగా కుట్టినవి. ఆఖరి భాగంలో హీరోయిన్ ఎవరికో విషమిస్తోంది. నిదానం అది కూడా చదివాడు. అనుమానం పట్టినవాడికి తాడు పామే కాదు, పాము పుట్ట కూడా అవుతుంది.

తిరిగి వచ్చేసరికి ఇంకో ఘోరం. కళ్ళజోడమ్మ అతని తూకపురాళ్ళ పెట్టె ముందు నిలబడి, పెద్ద రాయికి జిడ్డు ఉందని, జిడ్డున్న రాయితో తూకం ఎలా సరిచూస్తారని మందలిస్తూ, దాన్ని అసిటోన్‌లో ముంచి తీసి ఆరబెడుతోంది. రాయి మిలమిల్లాడుతోంది. కడుపులోని రేడియో కాలం చేసింది.

ఉస్సూరంటూ బాత్‌రూముకి వెళ్ళి వస్తుంటే నెమలి పిలిచింది.

"మీకు త్రాసులు తప్ప ల్యాబ్ తెలియదని ఇప్పుడే ఊరందరికీ చెప్పారు."

"ఎలా?"

"లోపలికి వెళ్ళేముందు చేతులు కడుక్కోలేదు. విషాలతో పనిచేసేవాళ్ళు ముందు కడుక్కుంటారు. చేతికి అంటింది ఎక్కడ తగలకూడదో అక్కడ తగలకుండా. తర్వాత కడుక్కునేది లోకమర్యాద కోసం." స్కార్ఫ్ సర్దుకుంది. "మీరంటే తూకాలవాళ్ళు. ఇరవై ఏళ్ళ కెమిస్టులమని చెప్పుకునేవాళ్ళు కూడా కడుక్కోకపోతే ఆలోచించాలి."

నిదానం ఆలోచించలేదు, చూశాడు. త్రాసు ముందు కూర్చుంటే బేసిన్ కనపడుతుంది. కళ్ళజోడమ్మ మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని లోపలికి వెళ్ళింది. గాజుసామాను కడిగే ముసలాయన కడుక్కుని వెళ్ళాడు. నెమలి కడుక్కుని వెళ్ళింది. లక్కాయన జేబుల్లో చేతులు పెట్టుకుని, ఈల వేసుకుంటూ తిన్నగా వెళ్ళిపోయాడు.

ఆయన లోపలున్నంతసేపు చాలు. కోడ్ రూములో, చీటీల పెట్టె అడుగున, ఎర్రలక్క కడ్డీ పక్కన గుడ్డలో చుట్టిన ఇత్తడి ముద్ర దొరికింది. చచ్చిపోయిన ఇన్‌స్పెక్టరు ముద్రకి నకలు. లక్కాయన తడి చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి నిదానం ఆయన కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. పెనుగులాట పెద్దగా జరగలేదు. కళ్ళజోడమ్మ చప్పుడు విని వచ్చి, విషయం ఒక్క ముక్కలో అర్థం చేసుకుని, ల్యాబ్‌లో పరిగెత్తకూడదంటూ లక్కాయన కాళ్ళకి స్టూలు అడ్డం పెట్టింది. ఆయన్ని రబ్బరు ట్యూబుతో కిటికీ ఊచకి కట్టేశారు.

మూడో సీసా ఎక్కడని అడిగితే ఆయన నవ్వాడు. "ఉంటే మేం వదులుతామా? కంపెనీకిచ్చేది కంపెనీ దగ్గరే పగిలిపోయింది. నన్ను కట్టి ఏం లాభం? నేను మూతలు వేసేవాణ్ణే. లోపల మంచి మందు కలిపి పోసిన చెయ్యి వేరే."

కళ్ళజోడమ్మ రెండో కళ్ళజోడు పెట్టుకుంది. "కంపెనీకి ఇవ్వాలని ఎవరన్నారు? నమూనా ఎవరి చేతికింద ఉన్న సరుకులోంచి తీస్తే, ఒక సీసా వాళ్ళకివ్వాలి. రేపు రిపోర్టు మీద గొడవొస్తే వాళ్ళ దగ్గరా సాక్ష్యం ఉండాలని. ఎప్పుడూ కంపెనీ గిడ్డంగిలోనే తీస్తాం కాబట్టి కంపెనీకి పోతుంది. ఇది ఎక్కడ తీశారు?"

"పెద్ద గోదాములో. సరుకు దిగాక."

"అయితే గోదాములో పొగమందులు ఎవరి ఆధీనంలో ఉంటాయో వాళ్ళకిస్తారు."

లక్కాయన నవ్వు ఆగిపోయింది. వచ్చి గుమ్మంలో నిలబడ్డ నెమలి కూడా కదల్లేదు.

పొగమందులు ఎవరి ఆధీనంలో ఉంటాయో నిదానానికి తెలుసు. బీరువా, కంపు, మళ్ళీ కనపడని మనిషి, అన్నీ రాత్రి కొట్టిన ఊఁల కిందనించి ఒక్కొక్కటే పైకి తేలాయి. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినవాడి కథ చిన్నప్పుడు విని నవ్వినందుకు ఇప్పుడు సిగ్గేసింది.

ల్యాబ్ ఫోన్ నుంచి మేనమామకి చేశాడు. డాక్టరుగారు రూట్ కెనాల్‌లో ఉన్నారు, ఆపకండి అని ఒకమ్మాయి చెప్పి సంగీతం పెట్టింది. అల్లుడు గోదాముకి వెళ్తున్నాడని చెప్పమని పెట్టేశాడు. సీసా మా ఆవిడ దగ్గరుందని నెమలి వింటుండగానే అనేశాడు గానీ, ఆవిడకి ఫోన్ చేసి లాభం లేదు. పొగ పెట్టే రోజు సెల్‌ఫోన్లన్నీ గేటు దగ్గర పెట్టెలో పడతాయి. కిటికీలోంచి ఎండ పసుపు రంగుకి తిరుగుతోంది.

"నా కారుంది. రండి" అంది నెమలి.

ఊరి మధ్యలోంచి పోతున్నప్పుడు ఆమె సెంటు కారంతా నిండింది. ఆమె ఉత్సాహంగా మాట్లాడుతోంది, లక్కాయన దొరికినందుకు అభినందిస్తోంది. నిదానం ఆమె చేతులే చూస్తున్నాడు. స్టీరింగు మీద శుభ్రమైన, రంగు గోళ్ళ చేతులు. బేసిన్ దగ్గర ఆ చేతులు సబ్బుతో వేళ్ళ సందులు కూడా వదలకుండా రుద్దుకోవడం అతను ఇవాళే చూశాడు. లోపలికి వెళ్ళేముందు.

కాగితాలే ముట్టుకునే మనిషికి ఆ అలవాటు ఎందుకుంటుంది?

కడుక్కోనివాడు కెమిస్టు కాదు. కడుక్కున్న ఆడిటర్ ఆడిటరూ కాదు. కూడా ఉన్నవాణ్ణి పట్టిచ్చి తన మీద నమ్మకం కొనుక్కుంది. మూడో సీసా ఎక్కడుందో తెలియక ఇన్నాళ్ళూ ఆగింది. తెలియగానే దారి చూపించేవాణ్ణి కారెక్కించుకుంది. ఎక్కినవాడు తనే. నిదానం కిటికీ వైపు తిరిగి, ముఖంలో ఏమీ కనపడకుండా ఉండటానికి సిమెంటు వేసిన పన్నుని నాలికతో తడుముకుంటూ కూర్చున్నాడు.

గోదాము గేటు దగ్గర కారాగింది. ఆమె దిగకుండా హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టింది.

"మీరు చాలాసేపటి నించి మాట్లాడట్లేదు. అర్థమైందన్నమాట. ఇందులో ఉన్నది లిప్‌స్టిక్ కాదు. సీసా ఎక్కడుందో మామూలుగా అడగండి. భర్త భార్యని అడిగినట్టు."

అతను ఆమె ముందు నడిచాడు. కొండల్లాంటి బస్తాల దొంతరలు, పైకప్పు కింద పావురాలు. వాకిట్లో పొగ దళం వరుసగా నిలబడి ఉంది. వీపుల మీద మెషీన్లు, మెడల్లో మాస్కులు. కంపెనీ మనుషులు మందు పోసి, ఎందుకో తొందరగా వెళ్ళిపోతున్నారు. మేనేజరు అన్ని గోదాములకీ వైరుతో కలిపిన మైకు పట్టుకుని నిలబడ్డాడు. అతను ఒక్క మాటంటే అన్ని గోదాముల్లోనూ ఒకేసారి మొదలవుతుంది. అందరికంటే ముందు, చేతులకి గ్లవ్స్ తొడుక్కుంటూ వాళ్ళావిడ.

"మీరేంటండీ ఇక్కడ?"

హ్యాండ్‌బ్యాగు అతని నడుముకి ఆనింది.

నిదానం ఒక్క క్షణం ఆలోచించాడు. డిపార్ట్‌మెంట్‌లో కోడ్ మాటలు నేర్పారు గానీ పెళ్ళాంతో వాడే కోడ్ ఎవరూ నేర్పలేదు. అతనే ఒకటి తయారుచేసుకున్నాడు.

"రాత్రి నువ్వు చెప్పిందంతా విన్నాను" అన్నాడు.

కాపురం మొదలైన దగ్గర్నించీ ఆ ఇంట్లో ఆ వాక్యం ఎవరూ పలకలేదు. ఆవిడ గ్లవ్ సగంలో ఆగింది. భర్త ముఖం చూసింది, అతని వెనక స్కార్ఫ్ చూసింది, బ్యాగులోపలికి పోయిన చెయ్యి చూసింది.

"అంతా విన్నారా. ఏం చెప్పానేంటి?"

"నీ బీరువాలో సీసా. దాని కోసం వీళ్ళొచ్చారు."

"అయ్యో, అది ఇక్కడెక్కడుంది? కంపు కొడుతోందని మొన్నే ఇంటికి తెచ్చాను కదండీ. మీరే కదా నిచ్చెనేసుకుని అటక మీద పెట్టారు."

నిదానం జన్మలో అటక ఎక్కలేదు. పండక్కి కాదు, పాములు వచ్చినా ఎక్కడు. ఆవిడకి సంగతి అందిందని అతనికి అర్థమైంది.

నెమలి ఊపిరి వదిలింది. ఇల్లు దూరం, మైకు దగ్గర. ఇక సీసా దొరికినా ఒకటే, దొరక్కపోయినా ఒకటే. మళ్ళీ కలుస్తామంటూ గేటు వైపు తిరిగింది.

"గేటు మూసేశారమ్మా" అంది ఆవిడ. "పొగ పెట్టేటప్పుడు తియ్యరు, రూలు. మా పని చూసి వెళ్ళండి. ఇంతదూరం వచ్చి చూడకుండా పోతే మాకు చిన్నతనం." దళంలో ఇద్దరు బలమైన ఆడవాళ్ళకి కళ్ళతో చెప్పింది. వాళ్ళు చెరోవైపు చేరి, ఎంతో మర్యాదగా నెమలి ముఖానికి మాస్కు తగిలించారు. బ్యాగు కూడా ఇవ్వమన్నారు. లోపల ఇనుపసామాను రాసుకుంటే నిప్పురవ్వ పుడుతుందట.

నిప్పురవ్వ అన్న మాటకి బ్యాగులోని చెయ్యి బిగుసుకుపోయింది. చుట్టూ నిండిన మెషీన్లు, వాటి మూతుల దగ్గర గాలిలో కనపడని ఆవిరి. అక్కడ పిస్తోలు పేలిస్తే ఏమవుతుందో ఆ వాకిట్లో అందరికంటే బాగా తెలిసింది ఆమెకే. దాన్ని కప్పిపుచ్చడానికి సీసాల్లో మంచి మందు కలిపి పోసింది ఆమే కదా. చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది.

ఆవిడ మేనేజరు చేతిలోంచి మైకు తీసుకుంది. బటను మీద బొటనవేలు పెట్టింది. రెండో చేత్తో తన మెషీన్ గొట్టం ఎత్తి నెమలి పక్కనే నిలబడింది. గొట్టం మూతి వేడెక్కుతోంది.

"అన్ని గోదాములూ సిద్ధంగా ఉన్నాయి. అతిథి చేత మొదలుపెట్టిస్తే బాగుంటుంది. మొదలుపెట్టమంటారా?"

నెమలి కళ్ళు మైకు మీంచి గొట్టం మీదికి తిరిగాయి. సూర్యుడు ఎదుటి రేకుల కప్పు వెనక్కి దిగాడు. మేనేజరు గడియారం చూసి గొంతు సవరించుకున్నాడు. ఆవిడ వేలు గొట్టం మీటకి చేరింది.  భార్య ఏం చేయబోతోందో నిదానానికీ తెలియదు.

"వద్దు" అంది నెమలి.

"మాస్కులో వినపడలేదమ్మా." ఆవిడ మాస్కు కొంచెం ఎత్తి, మైకు అక్కడ పెట్టింది.

"మీట వదలండి. అది అంటుకుంటుంది. అన్నీ అంటుకుంటాయి. ఎవర్నీ మొదలుపెట్టనివ్వకండి."

ఆ మాట దేశంలోని ప్రతి గోదాములోనూ, వీపున మెషీన్ ఉన్న ప్రతి మనిషికీ ఆమె గొంతుతోనే వినపడింది. మెషీన్లు దింపిన చప్పుడు మైకులో తిరిగి వచ్చింది, దూరంగా బిందెలు దొర్లినట్టు.

ఆవిడ బీరువా తెరిచి, మార్చుకునే బట్టల కిందనించి ముక్కు మూసుకుని సీసా తెచ్చింది. దారం, లక్క, పోయినాయన ముద్ర చెక్కుచెదరలేదు. మేనేజరు ముందు సీలు తీసి, అందర్నీ దూరం జరిపి, వాకిటి చివర స్టీలు గరిటెలో కాస్త పోశారు. నిదానం పెన్ను క్లిప్ నొక్కాడు. నిప్పు ఇంకా జానెడు దూరంలో ఉండగానే గరిటె భగ్గుమంది. మేనేజరుకి ఒక కనుబొమ్మ మిగిలింది.

గేటు అవతల జీపు ఆగింది. తెల్లకోటు మీద నెత్తుటి చుక్కతో మేనమామ దిగాడు. ఏ పాపం ఎరగని పేషెంటు ఎవరో కుర్చీలో నోరు తెరుచుకుని ఇంకా ఎదురుచూస్తున్నాడన్నమాట. నెమలి జీపెక్కేముందు ఆవిడ వైపు తిరిగింది.

"నిజంగా మీట నొక్కేవారా?"

"నొక్కినా ఏం కాదు. నాయకురాలి మెషీన్‌లో మందు ఆఖర్న పోస్తారు. వాళ్ళు తొందరపడి నాదాంట్లో పొయ్యకుండానే పోయారు, నాదింకా ఖాళీ" అంది ఆవిడ. "అతిథి ముందు ఖాళీ గిన్నె అని చెప్పడం బాగోదని ఊరుకున్నాను."

బస్సులో ఇంటికి వస్తూ నిదానం తన ఉద్యోగం సంగతి ఎలా మొదలుపెట్టాలా అని చాలాసేపు తంటాలు పడ్డాడు. ఆవిడే అందుకుంది. వంటింటి త్రాసు ఏడాదిగా అటో ఇటో చూస్తోందట. తూనికల శాఖవాడు ఇంట్లో ఉండి దాన్ని ఒక్కసారైనా ముట్టుకోలేదంటే, అతను ఏ శాఖవాడైనా అయ్యుండొచ్చు గానీ ఆ శాఖవాడు మాత్రం కాదని ఎప్పుడో తేల్చుకుందట. చెప్పినప్పుడు విందాంలే అని ఊరుకుందట.

"మరి ఆ మందు కంపు పెట్రోలు బంకులా ఉందని నిన్న మీతో చెప్పాను చూడండి. దానికి ఊఁ అన్నారు. మంచిదేనన్నమాట అనుకున్నాను."

మర్నాడు మేనమామకిచ్చిన రిపోర్టులో, సమాచారం ఎలా అందిందన్న చోట, నిదానం 'అత్యంత విశ్వసనీయ వర్గాల నుంచి' అని రాశాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర విశ్వసనీయ వర్గాలు ఏకధాటిగా మాట్లాడాయి. కొత్త మందు ఎప్పుడొస్తుందో, మేనేజరు రెండో కనుబొమ్మ కాటుకతో దిద్దుకుని ఎలా వచ్చాడో, కళ్ళజోడమ్మ ఫోన్ చేసి తూకపురాయి ఆరిందని ఎలా చెప్పిందో, అన్నీ. నిదానం చెంచా పక్కన పెట్టి, మొదటి ముక్కా మధ్య ముక్కా ఒక్కటీ పొల్లుపోకుండా విన్నాడు.

ఉల్లిపాయలు మాత్రం మళ్ళీ తేలేదు. అది చివరి ముక్క.